పసుపు చేప నోట్లో ఇరవై రెండు రోజులు

నా తమ్ముడు నలభై ఏళ్ళు చేపల్ని చూసీ చూసీ గుండెకి రెండు స్టెంట్లు వేయించుకున్నాడు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు గారు, "టెన్షన్ పెట్టుకోకండి. ఇంట్లో ఒక అక్వేరియం పెట్టుకుని చేపల్ని చూస్తూ కూర్చోండి, బీపీ తగ్గుతుంది" అని సలహా ఇచ్చారు. గుడివాడ అవతల మూడు చేపల చెరువులున్న మనిషికి ఈ మాట చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన నవ్వకుండానే చెప్పారు.

ఆ రోజు ఆయన చెప్పిన అసలు మాట ఇంకొకటి ఉంది. చెరువు గట్టు ఎక్కకూడదు, ఎండలో తిరగకూడదు, పట్టుబడి రోజున వల లాగేవాళ్ళ మీద అరవకూడదు. అంటే చెరువులు లీజుకి ఇచ్చెయ్యాలి. ఇంట్లోవాళ్ళు లీజు కాగితం టైపు చేయించి టీవీ కింద సొరుగులో పెట్టారు. అందులో అన్నీ ఉన్నాయి, మా తమ్ముడి సంతకం తప్ప. "ఈ ఒక్క పంటా నేనే చూసుకుని ఇచ్చేస్తాను" అంటాడు. ఆ మాట వాడు అన్న ప్రతిసారీ నా నోటుబుక్కులో గీత గీశాను. పదిహేడు గీతలయ్యాయి.

నేను బందరులో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పదకొండేళ్ళుగా మా హాల్లో ఆఫ్రికా సరస్సుల చేపల్ని పెంచుతున్నాను. నీళ్ళు ఎప్పుడు మార్చాను, ఎంత మార్చాను, వేడి ఎన్ని డిగ్రీలు, ఎవరు ఎవరిని కొరికారు, అన్నీ రాసిపెడతాను. అందుకని మా మరదలు నాకే ఫోన్ చేసింది.

"వదినగారూ, మీ తమ్ముడు పొద్దున్నే లేచి బండి తాళాల కోసం వెతుకుతున్నారండీ. బియ్యం డబ్బాలో దాచాను. రేపు బియ్యం డబ్బా కూడా దొరుకుతుంది. ఆ అక్వేరియమేదో మీరే వచ్చి పెట్టండి."

గుడివాడ బస్సెక్కాను.

ముందు బజార్లో చేపల షాపుకి వెళ్ళాం. షాపాయన చాలా మర్యాదస్తుడు. ఏది అడిగినా "అన్నీ కలిసుంటాయండీ మేడమ్" అన్నాడు. గోల్డ్‌ఫిష్, ఆస్కార్? కలిసుంటాయండీ. ఏంజిల్, సక్కర్ చేప? కలిసుంటాయండీ. షాపులో ఒక తొట్టి మూల తోక లేని గోల్డ్‌ఫిష్ ఒకటి ఈదలేక ఈదుతోంది. దాని తోక ఎవరి దగ్గరుందని అడిగాను. "అది పుట్టుకతోనే అంతండీ" అన్నాడు. ఆరడుగుల తొట్టి మాత్రం ఆయన దగ్గర కొన్నాం. గాజు అబద్ధం చెప్పదు.

చేపల్ని ఎలా ఎంచాలో ఆ సాయంత్రం మా తమ్ముడికి చెప్పాను. నోటుబుక్కులో ఆరు గడులు గీశాను. నీళ్ళు గట్టివా మెత్తవా. ఉప్పదనం, పులుపు ఎంత. వేడి ఎంత. ఎంత సైజు పెరుగుతుంది. ఏం తింటుంది. కోపం ఎంత. ఆరు గడుల్లోనూ ఒకదానికొకటి సరిపోతేనే రెండు చేపలు ఒక నీళ్ళలో ఉండాలి. మా జిల్లాలో సంబంధాలు చూసేవాళ్ళు ఇందులో సగం గడులు కూడా నింపరు. కులం చూస్తారు, ఎకరాలు చూస్తారు, కోపం గడి ఖాళీగా వదిలేస్తారు. తరవాత ఇరవై ఏళ్ళు ఇద్దరూ కలిసి ఆ గడి నింపుతారు.

"పసుపు రంగువి పన్నెండు, తుప్పు రంగువి పది, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఐదు" అని చదివాను.

మా తమ్ముడు ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు.

"ఆఫ్రికా క్యాట్‌ఫిష్షా? అక్కా, నీకేమైనా మతిపోయిందా? గవర్నమెంటు నిషేధించిన చేప అది! ఫిషరీస్ వాళ్ళొచ్చి చెరువుకి గండి కొట్టి మరీ చంపేస్తారు. ఈ వయసులో నన్ను స్టేషన్లో కూర్చోపెడతావా?"

మా వైపు ఆ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది కోళ్ళ వ్యర్థాలు తిని మనిషంత పెరిగే ఆ దొంగ చేపే. ఇది అది కాదని, అరచేతిలో సగం ఉండే మచ్చల చేప అని, తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలతో, మీసాలతో బుద్ధిగా రాళ్ళ సందున పడుకుంటుందని ఫోటో చూపించాను. వాడు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "దీన్ని తింటారా?" అన్నాడు. తినరు. "అమ్ముతారా?" అమ్మం. "మరి దేనికి?" అని ఫోను నా చేతిలో పెట్టేశాడు.

నీళ్ళ విషయంలో మాత్రం వాడి ఇల్లు నన్ను గెలిపించింది. ఆ ఇంటి బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కుళాయిల మీద తెల్లగా పెచ్చు కడుతుంది. ఇల్లు కట్టిన దగ్గర్నుంచి మా మరదలు ఆ బోరు వేసినవాణ్ణి తిట్టని రోజు లేదు. నేను చుక్కల మందు వేసి పరీక్ష చేస్తే ఆఫ్రికా సరస్సు నీళ్ళకి అది వేలు విడిచిన చుట్టం. కొంచెం ఉప్పు ఎక్కువుంది. రెండు పాళ్ళు బోరు నీళ్ళు, ఒక పాలు మున్సిపాలిటీ నీళ్ళు కలిపితే సరిగ్గా సరిపోయింది. "మనుషులకి పనికిరాని నీళ్ళు చేపలకి పనికొస్తాయాండీ?" అంది మా మరదలు. పప్పు ఉడకని నీళ్ళలో చేపలు హాయిగా ఉంటాయంటే ఆవిడకి ఎందుకో అవమానంగా అనిపించింది.

తొట్టి నింపి, రాళ్ళు పేర్చి, మోటారు పెట్టి ఆరు వారాలు ఊరికే వదిలేశాను. చేపల మలినాన్ని తినే సూక్ష్మజీవులు ముందు పెరగాలి. మా తమ్ముడికి అది నచ్చలేదు. "ఖాళీ నీళ్ళకి కాపలా ఏంటి? రెండు దోసిళ్ళు పేడ వేస్తే వారంలో నీళ్ళు పచ్చబడతాయి" అన్నాడు. నేను బందరులో ఉండగా నిజంగానే పేడ తెప్పించాడు. మా మరదలు దాన్ని గుమ్మంలో కల్లాపి చల్లేసింది. ఆవిడకి నేను చేప జాతులు నేర్పలేదు గానీ, తెలివి ముందునుంచీ ఉంది.

చేపల్ని విజయవాడలో ఇల్లు మారుతున్న ఒకాయన దగ్గర తీసుకున్నాను. అన్నీ పెరిగినవే. తొట్టిలో వదిలిన రోజున మా తమ్ముడు లెక్క అడిగాడు. తొట్టి ఇరవై నాలుగు ఘనపుటడుగులు. రాళ్ళూ ఇసకా పైన ఖాళీ తీసేస్తే ఐదు వందల అరవై లీటర్లు. ఇరవై ఏడు చేపలు. ఒక్కోదానికి ఇరవై లీటర్ల పైచిలుకు.

"నేను ఎకరానికి రెండున్నర వేలు వేస్తాను" అన్నాడు వాడు.

అక్కడికక్కడే లెక్క కట్టాను. ఐదడుగుల నీళ్ళలో ఒక్కో చేపకి రెండు వేల నాలుగు వందల లీటర్లు వచ్చింది.

"చూశావా? ఎవరు దయగలవాళ్ళో?" అన్నాడు.

ఈ జాతిలో ఇరుకే దయ అని చెప్పాను. నాలుగే చేపలుంటే పెద్దది ఒకదాన్ని ఎంచుకుని చచ్చేదాకా తరుముతుంది. ఇరవై ఉంటే ఎవర్ని తరమాలో తేల్చుకోలేక అలిసిపోతుంది. మా స్కూలు స్టాఫ్ రూములో ఇరవై ఆరు మంది ఉండబట్టే మా హెడ్మాస్టరు కింద నేను బతికి బయటపడ్డాను.

మూడో వారం వెళ్ళేసరికి తొట్టి గంజిలా ఉంది. మధ్యలో ఏదో వేలాడుతోంది. మా వైపు చెరువుల్లో మేత చల్లరు. ప్లాస్టిక్ సంచులకి చిల్లులు పెట్టి, తవుడు నింపి, గెడలకి కట్టి నీళ్ళలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుంటాయి. మా తమ్ముడు కందిపప్పు ప్యాకెట్టుకి మేకుతో మూడు చిల్లులు పెట్టి, తవుడు నింపి, చీపురు పుల్లకి కట్టి, తొట్టి మీద అడ్డంగా పెట్టాడు. పసుపు చేపలు దానికి ఆమడ దూరంలో రాళ్ళకి అతుక్కుని ఉన్నాయి.

"నువ్వు పెట్టమన్న ఆ పచ్చ గుళికలు చిటికెడు. చిటికెడు మేత వేస్తే చేతికి మేత వేసినట్టే అనిపించదే" అన్నాడు.

నలభై శాతం నీళ్ళు మార్చాను. మరుసటి రోజు ఇంకో ముప్ఫై. తుప్పు చేప ఒకటి పోయింది. రాసుకున్నాను: కారణం, కందిపప్పు ప్యాకెట్టు.

నాలుగో నెలలో ఒక సోమవారం వాడే ఫోన్ చేశాడు. గొంతులో ఆస్పత్రికి ముందున్న అధికారం వినిపించింది.

"అక్కా, నీ పసుపు చేపల్లో ఒకదానికి మొప్పల జబ్బు. దవడ వాచింది. మేతకి రావట్లేదు, నోరు నములుతున్నట్టు ఆడిస్తోంది. పట్టి ఉప్పు నీళ్ళ బకెట్లో వేస్తున్నాను."

"వలా బకెట్టూ కింద పెట్టు. అది జబ్బు కాదు. నోట్లో గుడ్లున్నాయి" అన్నాను.

"నోట్లోనా?"

"ఆడది గుడ్లు పెట్టి నోట్లోకి ఏరుకుంటుంది. మూడు వారాలు తిండి మానేసి అక్కడే పొదుగుతుంది."

"నలభై ఏళ్ళు చేపల్లో ఉన్నాను. నాకు చెబుతున్నావా?"

"నీ చెరువుల్లో కలుపులా పుట్టుకొచ్చే టిలాపియా కూడా ఇదే వంశం. నలభై ఏళ్ళు దాన్ని తిట్టావు గానీ ఒక్కసారైనా నోరు తెరిచి చూశావా?"

ఫోను పట్టుకుని తొట్టి దాకా నడిచిన చప్పుడు వినిపించింది. తరవాత, "అంటే నువ్వు నా హాల్లో, ఆరడుగుల గాజు తొట్టిలో, టిలాపియాని పెట్టావా?" అన్నాడు. ఊళ్ళో చేపల రైతులకి తెలిస్తే తల ఎత్తుకోలేనన్నాడు. నేను మధ్యాహ్నం బస్సుకి వెళ్ళేసరికి వల తొట్టి పక్కనే ఉంది గానీ తడవలేదు.

పందెం వాడే వేశాడు. "సరే. పిల్లలొస్తే సొరుగులో కాగితం మీద సంతకం పెడతాను. రాకపోతే ఈ పంట నేనే వేస్తాను. మళ్ళీ నువ్వుగానీ, ఇదిగానీ" అని మరదలి వైపు చూపించి, "నోరెత్తకూడదు."

మరదలు నా మొహం చూసింది. ఆవిడ కళ్ళలో భయం నాకు బాగానే కనిపించింది. ఈ చేపలు మొదటిసారి పెట్టిన గుడ్లని చాలాసార్లు మింగేస్తాయి. బెదిరితే ఉమ్మేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలియదు. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఎలాగూ వాడు సంతకం పెట్టేలా లేడు. పందెం మాటలు వాడి ఎదుటే నోటుబుక్కులో రాశాను: ఈ పసుపు చేప నోట్లోంచి బతికున్న పిల్లలు బయటికి వస్తే తమ్ముడు సంతకం పెట్టాలి. మొదటి రోజు, సోమవారం.

ఆ తరవాత రోజూ ఫోనే. ఐదో రోజు, దవడ అలాగే ఉంది. ఎనిమిదో రోజు, అలాగే ఉంది, కాస్త నీరసించింది. పదో రోజు మరదలు తీసింది ఫోన్. "హాల్లో మిక్సీ శబ్దం వినపడకూడదంటున్నారండీ. పచ్చడి పెరట్లోకి వెళ్ళి రోట్లో నూరుకుంటున్నాను. తెల్లారుతూనే లేచి ఆ గాజు ముందు కూర్చుంటున్నారు."

"బండి తాళాలు?"

"ఇవ్వాళ అడగలేదండీ" అంది.

పద్నాలుగో రోజు ఆదివారం. నేను అక్కడే ఉన్నాను. మరదలి తమ్ముడు నాగాయలంక నుంచి వచ్చాడు. పీతల వ్యాపారం. మనిషి కంటే ముందు గొంతు వస్తుంది. చేతిలో మూత పెట్టిన బకెట్.

"బావగారూ! మీరు క్యాట్‌ఫిష్షులు పెంచుతున్నారని అక్క చెప్పిందిలెండి. ఆ చుక్కలవేంటండీ, బొమ్మల్లా? మన దివిసీమ సరుకు తెచ్చాను, ఇంగిలాయిలు! ఆరున్నాయి. మీసమంటే వీటిది, పౌరుషమంటే వీటిది!"

"ఏమయ్యా, వాటికి ముల్లుంది, రాత్రికి మిగిలినవాళ్ళనందర్నీ తినేస్తాయి" అన్నాను.

"వదినగారూ, మీరు మరీ పుస్తకం మనిషండీ. క్యాట్‌ఫిష్ క్యాట్‌ఫిష్షే కదండీ!" అంటూ అతను గాజు మీద గోటితో టకటక కొట్టి, రెండో చేత్తో బకెట్ మూత తీశాడు. పసుపు చేప బెదిరి రాయి వెనక్కి దూసుకుపోయింది.

ఆ చేప ఉమ్మేస్తే పందెం మా తమ్ముడిదే. పంట వాడిదే, గట్టు వాడిదే. కూర్చుని చూస్తే చాలు. వాడు లేచాడు. డాక్టరు అరవొద్దన్న మనిషి పట్టుబడి రోజున అరిచినట్టు అరిచాడు.

"ఆ చెయ్యి తియ్యరా ముందు! అది పద్నాలుగు రోజుల నుంచి తిండి లేకుండా ఉంది. దాని జోలికొస్తే చూడు!"

బకెట్టు వంటింట్లోకి వెళ్ళింది. ఇంగిలాయిలు పులుసయ్యాయి. చాలా బాగుంది, కాదనను. భోజనాల దగ్గర మా తమ్ముడు నాతో మాట్లాడలేదు. తాను ఎటువైపు నిలబడ్డాడో వాడికి అప్పటికి అర్థమైనట్టుంది. అందుకు కోపం నా మీద.

ఇరవయ్యో రోజున ఆ చేపని మెల్లగా చిన్న తొట్టిలోకి మార్చాం. ఇరవై రెండో రోజు, సోమవారం, ఉదయం పదిన్నరకి అది నోరు తెరిచింది.

మా తమ్ముడు చేప పిల్లల్ని పరీక్షగా చూసే భూతద్దం పట్టుకుని వంగి ఉన్నాడు. ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. ఇంకో రెండు వచ్చాయి. తరవాత ఆ తల్లి నోరు ఖాళీగా మూసుకుంది. వాడు భూతద్దం దించలేదు.

"అక్కా, వీటికి మీసాలున్నాయేంటే?"

నేను లాక్కుని చూశాను. నాలుగు పిల్లలు. ఒక్కటీ పసుపు కాదు. చిట్టి చిట్టి మీసాలు, పెద్ద కళ్ళు. అప్పుడే మొదలవుతున్న చుక్కలు.

వాడు ముందు దగ్గాడనుకున్నాను. నవ్వుతున్నాడు. గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, కూర్చుని, మళ్ళీ లేచి నవ్వుతున్నాడు. మా మరదలు మాత్రల డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. "ఏం లేదే, మా అక్క లెక్కల టీచరు! ఆరు గడులు నింపి తెచ్చిన చేప!" అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. అది నా మీద ఖర్చయింది.

ఆ మధ్యాహ్నం నా పుస్తకం తీసి, మచ్చల క్యాట్‌ఫిష్ గురించి నాలుగు పేజీలూ మళ్ళీ చదివాను. నీళ్ళ గురించి, వేడి గురించి, కోపం గురించి పదకొండేళ్ళ కిందటే గీతలు పెట్టుకున్నాను. నాలుగో పేజీ చివర గీత పెట్టని పేరా ఒకటి ఉంది. పక్క చేప గుడ్లు పెడుతున్నప్పుడు ఇవి మధ్యలో దూరి, ఆ గుడ్లు కొన్ని తిని, తమ గుడ్లు అక్కడ వదిలేస్తాయట. ఆ తల్లి అన్నిటినీ కలిపి నోట్లోకి ఏరుకుంటుంది. ఇవి ముందు పుడతాయి. ఆకలేస్తే పక్కనే ఉన్నవాటిని తింటాయి, ఆ నోట్లోనే. కాకి గూట్లో కోకిల చేసే పని, ఇంకాస్త మొహమాటం లేకుండా. ఆ తల్లి ఇరవై రెండు రోజులు ఉపవాసం ఉండి తన పిల్లల్ని తిన్నవాళ్ళని పెంచింది.

నీళ్ళూ తిండీ కోపమూ చూశాను. సంతానం గడి గీయలేదు. ఊళ్ళో సంబంధాలు చూసేవాళ్ళని అన్ని మాటలన్న మనిషిని.

వాడికి చదివి వినిపించక తప్పలేదు. విని, "అయితే పందెం నాదే. నీ చేప పిల్లలు ఒక్కటీ రాలేదు" అన్నాడు.

నోటుబుక్కు తెరిచి వాడి ఒళ్ళో పెట్టాను. వాడు వేలు పెట్టి చదివాడు. నోట్లోంచి బతికున్న పిల్లలు బయటికి వస్తే. ఎవరి పిల్లలో రాయలేదు.

"నువ్వు మనిషివి కాదే" అన్నాడు.

సొరుగు తీశాడు. కలం టోపీ తీశాడు. సంతకం చెయ్యకుండా కలం నా వైపు తిప్పాడు. "ముందు నువ్వు రాయి. చేపల ఎంపికలో నేను తప్పు చేశాను అని. సిరాతో రాయి, కింద సంతకం పెట్టు. తరవాత నేను పెడతాను."

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇతరుల తప్పుల కింద ఎర్ర గీతలు గీశాను. నీలి సిరాతో నా తప్పు రాయడానికి ఎంతసేపు పట్టిందో ఆ పూట గడియారం చూసుకోలేదు. మరదలు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాశాను. సంతకం పెట్టాను. వాడు కళ్ళజోడుతో రెండుసార్లు చదివి, లీజు కాగితం మీద మూడు చోట్ల సంతకం చేశాడు. తరవాత నా నోటుబుక్కు తీసుకుని ఆరు గడుల పక్కన స్కేలు లేకుండా వంకరగా ఏడోది గీశాడు. దాని పైన వాడి రాతలో ఉంది: ఎవరి పిల్లల్ని ఎవరు పెంచుతారు.

ఆ వంకర గీత మీద స్కేలు పెట్టి మళ్ళీ గీయాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఇప్పటిదాకా గీయలేదు.

చెరువులు తీసుకున్న రైతు మొదటి పట్టుబడికి పిలిచాడు. మా తమ్ముడు వెళ్ళలేదు. చుక్కల పిల్లలకి రోజుకి నాలుగు పూటలా మేత వెయ్యాలట, చిటికెడు చొప్పున. ఆ చిటికెడు సరిగ్గా ఎంతో బస్సెక్కి వచ్చి తూచి చెప్పమని నన్నే పిలిచాడు.